ఆశ్చర్యానికి ఇంగ్లిష్ మాట వెతికే ముందు మీది ‘అబ్బ’నా, ‘అబ్బో’నా తేల్చుకోండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: "రోజూ బ్రిటన్, అమెరికా టీమ్‌లతో కాల్స్ ఉంటాయి. ఎవరైనా అనుకోని సంగతి చెబితే నా నోట ‘ఓ మై గాడ్’, ‘వావ్’, ‘ఈజ్ ఇట్?’ తప్ప ఇంకో మాట రాదు. అందుకని ఆశ్చర్యాన్ని తెలిపే ఇడియమ్స్ నలభై దాకా రాసుకుని బట్టీ పట్టాను. మొన్న ఒకరు రాజీనామా చేస్తున్నారని తెలిసి ‘యూ కుడ్ హావ్ నాక్డ్ మీ డౌన్ విత్ ఎ ఫెదర్’ అన్నాను. అందరూ నవ్వేశారు. ఎక్కడ తప్పు?"

నేను హైదరాబాద్‌లో ఇరవై రెండేళ్లుగా ఉద్యోగాలు చేసుకునేవాళ్లకు ఇంగ్లిష్ చెబుతున్నాను. మీ ఇంగ్లిష్‌లో తప్పేమీ లేదు. తప్పంతా ఆ జాబితాది. నలభై మాటలు వరుసగా రాసి, అన్నిటికీ ఎదురుగా ‘ఆశ్చర్యపోవుట’ అని ఒకే అర్థం పెట్టి వదిలేస్తారు. ఆశ్చర్యం ఒక్క రకమైతే ఆ జాబితా సరిపోయేది.

మన తెలుగులోనే చూడండి. పక్కింటావిడ వచ్చి "మా అబ్బాయి కారు కొన్నాడు" అంది. "అబ్బ!" అంటే ఆవిడ మురిసిపోతుంది. "అబ్బో!" అంటే ముఖం మాడ్చుకుంటుంది. "అమ్మో!" అంటే ఖరీదు గురించి మాట్లాడుతున్నామనుకుంటుంది. "అయ్యో!" అంటే "ఏం, ఎందుకట్లా అంటున్నావ్?" అని నిలదీస్తుంది. ఒక్క అక్షరం తేడాతో మాట ఎటు పోతోందో మనకు ఎవరూ నేర్పలేదు, ఇంట్లో వింటూ పెరిగాం. ఇంగ్లిష్‌లోనూ అంతే తేడా ఉంది. కాకపోతే అక్కడ చాలావరకు ఆ పని ఇడియమ్ చేస్తుంది, మిగతాది గొంతు చేస్తుంది. అందుకే నా క్లాసులో మొదటి రోజు ఇంగ్లిష్ మాటలు చెప్పను. ఈ సందర్భంలో మీరు తెలుగులో ఏమంటారో చెప్పమంటాను.

ఇంకో సంగతి కూడా ఉంది, అసలు కీలకం అదే. ఆశ్చర్యపోయాం అని చెప్పడమంటే, అంతకుముందు మనం ఏం ఊహించుకున్నామో బయటపెట్టడమే. "నువ్వు టైమ్‌కి పని పూర్తి చేశావంటే ఆశ్చర్యంగా ఉంది" అంటే మెచ్చుకున్నట్టా? నీ మీద నమ్మకం లేదని చెప్పినట్టు. ‘ఐ యామ్ సర్‌ప్రైజ్డ్ యూ ఫినిష్డ్ ఇట్ ఆన్ టైమ్’ అన్నా అంతే. అక్కడ రావలసిన మాట ‘ఐ యామ్ ఇంప్రెస్డ్’.

నా దగ్గరికి వచ్చిన ఒక అమ్మాయి సంగతి చెబుతాను. టీమ్ లీడ్, పనిలో చాలా చురుకైన మనిషి. ఒకరోజు కాల్‌లో అమెరికాలో ఉన్న మేనేజర్ తనకు డైరెక్టర్‌గా ప్రమోషన్ వచ్చిందని చెప్పింది. ఈ అమ్మాయి మనస్ఫూర్తిగా, సంతోషంతో ‘ఓ! ఐ యామ్ షాక్‌డ్!’ అంది. అవతల రెండు మూడు సెకన్లు నిశ్శబ్దం. తర్వాత ‘ఓకే, థాంక్స్’ అని మేనేజర్ వేరే విషయంలోకి వెళ్లిపోయింది. మర్నాడు క్లాసులో ఆ అమ్మాయి కళ్లనీళ్లు పెట్టుకుంది. "మేడమ్, నేను మంచిగానే అన్నాను కదా" అంది. తెలుగులో చూస్తే మంచిగానే అంది. ‘షాక్ అయ్యాను’ అనేది మనకు తెలుగు మాట అయిపోయింది. టమాటా ధర విన్నా షాక్, తమ్ముడికి ర్యాంకు వచ్చినా షాక్. ఇంగ్లిష్‌లో ‘షాక్‌డ్’ అంటే సాధారణంగా విన్నది చెడ్డ వార్త, లేదా జరగకూడనిది జరిగింది అని. ప్రమోషన్ వచ్చిందని చెప్పిన మనిషితో ఆ మాట అంటే "నీకెలా ఇచ్చారు?" అన్నట్టు వినపడుతుంది. ‘వావ్, దట్స్ వండర్‌ఫుల్ న్యూస్, ఐ యామ్ సో హ్యాపీ ఫర్ యూ’ అని ఉంటే చాలు. ఇడియమ్ ఏదీ అక్కర్లేదు అక్కడ. మంచి వార్త విన్నప్పుడు ఆశ్చర్యం కంటే సంతోషం ముందు వినపడాలి.

ఇక మీ ‘ఈజ్ ఇట్?’ దగ్గరికి వద్దాం. ఇది మన ‘అవునా?’ నుంచి నేరుగా వచ్చింది. ‘అవునా’ ఎంత సుఖమైన మాటో! ఎవరు ఏం చెప్పినా, ఏ కాలంలో చెప్పినా అదొక్కటే సరిపోతుంది. ఇంగ్లిష్‌లో ఆ సుఖం లేదు. అవతలివాళ్లు ఏ క్రియతో మాట్లాడారో దాన్ని పట్టుకుని తిప్పి అడగాలి. ‘షీ ఈజ్ మూవింగ్ టు లీడ్స్’ అంటే ‘ఈజ్ షీ?’. ‘ఐ హావ్ సోల్డ్ ద హౌస్’ అంటే ‘హావ్ యూ?’. ‘దే క్యాన్సిల్డ్ ద కాంట్రాక్ట్’ అంటే ‘డిడ్ దే?’. ‘హి కెన్ స్పీక్ తెలుగు’ అంటే ‘కెన్ హి?’. అన్నిటికీ ‘ఈజ్ ఇట్?’ అంటే మన దేశంలో ఎవరికీ తేడా తెలియదు గానీ, బ్రిటన్‌లోనో అమెరికాలోనో పెరిగినవాళ్ల చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది.

నన్నడిగితే నలభై ఇడియమ్స్ కంటే ఈ చిన్న ప్రశ్న ఎక్కువ విలువైనది. ఎదుటి మనిషి చెప్పింది మనం శ్రద్ధగా విన్నామని దీనివల్లే తెలుస్తుంది. దీని వెనకాల ‘ఐ హాడ్ నో ఐడియా’ అని చేర్చండి. మన "నాకు తెలియనే తెలియదు సుమా" అన్నమాట. లేదా ‘ఐ డిడ్‌న్ట్ సీ దట్ కమింగ్’ అనండి, అంటే "ఇలా అవుతుందనుకోలేదు" అని. రాజీనామా వార్తకు మీరు అనవలసింది ‘ఈజ్ హి? ఐ డిడ్‌న్ట్ సీ దట్ కమింగ్’. గొంతు మాత్రం కొంచెం పైకి లేవాలి. చప్పగా, కిందికి దించి ‘ఈజ్ హి’ అంటే "అయితే నాకేంటి" అన్నట్టుంటుంది. ఫోన్ పక్కన పెట్టి రికార్డ్ చేసుకుని వినండి, మీకే తెలిసిపోతుంది.

ఇప్పుడు ఇడియమ్స్.

‘ఔట్ ఆఫ్ ద బ్లూ’ అందరికీ తెలిసినదే, అయినా సగం మంది తప్పుగా వాడతారు. ఇక్కడ బ్లూ అంటే నీలాకాశం. ‘ఎ బోల్ట్ ఫ్రమ్ ద బ్లూ’ అనేది పూర్తి మాట, మబ్బు లేని ఆకాశం నుంచి పడ్డ పిడుగు. మనకూ పిడుగు ఉంది, "పిడుగులాంటి వార్త", "నెత్తిన పిడుగు పడ్డట్టయింది". మన పిడుగు ఎప్పుడూ చెడ్డదే. ఇంగ్లిష్‌లో పిడుగుతో సహా చెబితే దాదాపు మనలాగే చెడ్డ వార్త. పిడుగు తీసేసి ‘ఔట్ ఆఫ్ ద బ్లూ’ అని మాత్రం అంటే చెడు పోయి, ‘ఉన్నట్టుండి’ అనే అర్థమే మిగులుతుంది. ‘షీ కాల్డ్ మీ ఔట్ ఆఫ్ ద బ్లూ’ అంటే పదేళ్లుగా మాట్లాడని స్నేహితురాలు ఉన్నట్టుండి ఫోన్ చేసిందని. చక్కటి విషయమే. కాబట్టి మంచికైనా చెడుకైనా వాడుకోవచ్చు. ‘ద’ మాత్రం వదలకండి. ‘ఔట్ ఆఫ్ బ్లూ’ అని నా దగ్గరికి వచ్చే పదిమందిలో ఏడెనిమిది మంది అంటారు.

మన ‘కంగుతిన్నాను’కు సరిగ్గా సరిపోయే మాట ‘ఐ వాజ్ టేకెన్ అబ్యాక్’. ఇది తెరచాప ఓడల నుంచి వచ్చింది. గాలి ఉన్నట్టుండి ఎదురు తిరిగి తెరచాపను వెనక్కి, కొయ్యకేసి నొక్కేస్తే ఓడ ముందుకు సాగదు, ఉన్నచోటే తూలుతుంది. ఆ స్థితే ఇది. అందుకే మంచి వార్తకు ఇది అంతగా నప్పదు. ఎదుటివాళ్ల మాటకో ప్రవర్తనకో కాస్త నొచ్చుకుని, ఏమనాలో తోచక ఆగిపోయినప్పుడు వాడాలి. ఆఫీసులో దీనికి ఒక గొప్ప ఉపయోగం ఉంది. ఎవరైనా మీకు దురుసుగా ఈమెయిల్ రాశారనుకోండి. ‘యువర్ ఈమెయిల్ వాజ్ రూడ్’ అంటే తగవు మొదలవుతుంది. ‘ఐ వాజ్ ఎ లిటిల్ టేకెన్ అబ్యాక్ బై ద టోన్ ఆఫ్ యువర్ ఈమెయిల్’ అని రాయండి. చెప్పదలచుకున్నది పూర్తిగా చెప్పినట్టే, అయినా మర్యాద ఎక్కడా తప్పలేదు. రాసేటప్పుడు ‘టేకెన్ బ్యాక్’ అని రాయకండి, అది వెనక్కి తీసుకోవడం అయిపోతుంది.

దీని పక్కింటిదే ‘ఇట్ కాట్ మీ ఆఫ్ గార్డ్’. తేడా ఏమిటంటే ఇందులో నొప్పి లేదు, సిద్ధంగా లేకపోవడమే ఉంది. మీటింగ్‌లో అనుకోని ప్రశ్న వేస్తే ‘దట్ క్వశ్చన్ కాట్ మీ ఆఫ్ గార్డ్, లెట్ మీ కమ్ బ్యాక్ టు యూ’ అనొచ్చు. తడబడటం కంటే ఇలా చెప్పేయడం ఎంతో హుందాగా ఉంటుంది.

క్రికెట్ మాటల గురించి కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే మనవాళ్లు వీటి దగ్గరే ధీమాగా పొరబడతారు. ‘ఐ వాజ్ నాక్డ్ ఫర్ సిక్స్’ అంటే ఏమనుకుంటారు? సిక్సర్ అంటే మనకు ఈలలు, గోల, సంబరం. ఒక అబ్బాయి తన పెళ్లి కుదిరిన సంగతి చెబుతూ ఆ మాట వాడాడు. కానీ ఆ ఇడియమ్‌లో మీరు బ్యాట్స్‌మన్ కాదు. సిక్సర్ మీకు తగిలింది, మీరు దెబ్బతిన్నవైపు ఉన్నారు. తండ్రి పోయినప్పుడు, ఉద్యోగం ఊడినప్పుడు బ్రిటన్‌లో ఆ మాట అంటారు. తెలుగులో ‘కుదేలయ్యాను’ అంటామే, అది. దీనికి పూర్తిగా తలకిందులు ‘బౌల్డ్ ఓవర్’. బౌల్డ్ అంటే వికెట్ పడ్డట్టు కదా, చెడ్డదే అయి ఉంటుందనుకుంటాం. కాదు, ఇది చాలా మంచి మాట. ‘ఐ వాజ్ బౌల్డ్ ఓవర్ బై దెయిర్ కైండ్‌నెస్’ అంటే వాళ్ల మంచితనానికి ముగ్ధుణ్ణయిపోయానని. ‘ఓవర్’ మరిచిపోకండి.

గూగ్లీ కూడా ఉంది. బౌలర్ చెయ్యి తిప్పే తీరు చూస్తే బంతి ఒకవైపు తిరుగుతుందనిపిస్తుంది, అది తిరిగేది మరోవైపు. ఇంగ్లాండ్ బౌలర్ బోసాంక్వెట్ 20వ శతాబ్దం తొలినాళ్లలో దాన్ని పేరుకెక్కించాడు, ఆయన పేరు మీద ఆస్ట్రేలియాలో దాన్ని బోజీ అని కూడా అంటారు. ‘ఇంటర్వ్యూలో గూగ్లీ వేశారు’ అని మనం అంటాం, బ్రిటన్‌వాళ్లూ అందుకుంటారు. అమెరికన్లకు మాత్రం అర్థం కాదు. వాళ్ల ఆట బేస్‌బాల్. వాళ్లతో ‘దే త్రూ మీ ఎ కర్వ్‌బాల్’ అనండి. ‘ఔట్ ఆఫ్ లెఫ్ట్ ఫీల్డ్’ కూడా ఆ ఆటదే. అనుకోనిది మాత్రమే కాదు, కాస్త వింతగా, పొంతన లేకుండా ఉన్నదాన్ని అలా అంటారు. బడ్జెట్ మీటింగ్‌లో ఎవరైనా పెంపుడు పిల్లుల గురించి అడిగితే, అది లెఫ్ట్ ఫీల్డ్.

శరీరంతో చెప్పే ఆశ్చర్యాలు రెండు భాషల్లోనూ బోలెడు. కొన్ని అచ్చంగా కలుస్తాయి. "నా కళ్లను నేనే నమ్మలేకపోయాను" అంటే ‘ఐ కుడ్‌న్ట్ బిలీవ్ మై ఐస్’. "గిల్లి చూసుకున్నాను" అంటే ‘ఐ హాడ్ టు పించ్ మైసెల్ఫ్’, రెండూ మంచికే. ‘అవాక్కయ్యాను’లో వాక్కు పోయింది, ‘స్పీచ్‌లెస్’లోనూ పోయింది. ‘స్థాణువైపోయాడు’ అంటే మోడులా నిలబడిపోయాడని. ఇంగ్లిష్‌వాళ్లు ‘రూటెడ్ టు ద స్పాట్’ అన్నారు, వేళ్లూనుకుని నిలబడిపోయాడని. వాళ్లకూ మనకూ చెట్టే గుర్తొచ్చిందంటే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. ‘నోరెళ్లబెట్టాను’ అంటే ‘మై జా డ్రాప్డ్’. దీన్ని ‘ద పెన్నీ డ్రాప్డ్’తో కలపకండి, అది ‘అప్పుడు బుర్రకెక్కింది’ అని చెప్పే బ్రిటిష్ మాట.

కలవనివి కూడా ఉన్నాయి. ‘ముక్కున వేలేసుకున్నారు’ను మాటకు మాట ఇంగ్లిష్‌లో పెడితే ఎవరికీ అర్థం కాదు. దానికి దగ్గర్లో ఉన్నది ‘ఇట్ రైజ్డ్ ఎ ఫ్యూ ఐబ్రోస్’. నలుగురూ వింతగా చూశారు, లోపల కొంచెం తప్పు పట్టారు అన్న ధ్వని రెండింటిలోనూ ఉంది. వెనక నుంచి ఎవరైనా భుజం మీద చెయ్యి వేస్తే ‘ఉలిక్కిపడ్డాను’ అంటామే, అది ‘ఐ నియర్లీ జంప్డ్ ఔట్ ఆఫ్ మై స్కిన్’. అదాటున కలిగే భయానికే ఇది, వార్తలకు కాదు.

దేవుణ్ణి తలచుకునే మాటల విషయంలో ఒక జాగ్రత్త. మనం రోజుకు ఇరవై సార్లు ‘ఓరి దేవుడా’, ‘రామ రామ’ అంటాం, అందులో దోషం ఉందని ఎవరూ అనుకోరు. భక్తి గల క్రైస్తవులు చాలామందికి దేవుడి పేరును ఊరికే వాడకూడదన్నది పది ఆజ్ఞల్లో ఒకటి. ‘ఓ మై గాడ్’ వాళ్లకు నచ్చకపోవచ్చు. అందుకే ‘ఓ మై గాష్’, ‘ఓ మై గుడ్‌నెస్’ పుట్టాయి. కొత్తవాళ్లతో ఇవే మేలు. బ్రిటన్‌లో వినే ‘బ్లైమీ’ కూడా ‘గాడ్ బ్లైండ్ మీ’ అనే ఒట్టు అరిగిపోగా మిగిలిందే. ఇక పిల్లలు చాటింగ్‌లో వాడే ‘ఓఎమ్‌జీ’ నిన్నమొన్నటిది అనుకోకండి. బ్రిటిష్ నౌకాదళంలో అడ్మిరల్‌గా చేసిన ఫిషర్ 1917లో చర్చిల్‌కు రాసిన ఉత్తరంలో ఆ మూడక్షరాలు ఉన్నాయి. ‘హోలీ కౌ’ అని అమెరికన్లు అంటే మనసుకు పట్టించుకోకండి. అది వాళ్లకు మన ‘వామ్మో’ లాంటిది, మన గోమాతను ఎగతాళి చేయడం కాదు.

మీ ఈక సంగతి. ‘ఈకతో తోసినా పడిపోయేవాణ్ణి’ అనే ఆ ఇడియమ్ తప్పు కాదు, పాతది. బ్రిటన్‌లో పెద్ద వయసువాళ్లు కథ చెబుతూ వాడతారు. అంటే సంఘటన అయిపోయాక, తీరిగ్గా చెప్పుకునేటప్పటి మాట అది. వార్త విన్న క్షణంలో, అదీ ఒక సహోద్యోగి వెళ్లిపోతున్నాడన్న వార్తకు అంటే నాటకంలా వినిపిస్తుంది. ‘వెల్, ఐ నెవర్!’, ‘ఫ్యాన్సీ దట్!’ కూడా ఆ తరానివే. చదివినప్పుడు అర్థమైతే చాలు. ‘ఫ్లాబర్‌గాస్టెడ్’ 1772లోనే కొత్త ఫ్యాషన్ మాటగా అచ్చయింది, నేటికీ బతికే ఉంది, కానీ రోజూ వాడేది కాదు. ‘గాబ్‌స్మాక్డ్’ మాత్రం బ్రిటన్‌లో ఇప్పటికీ నోళ్లలో నలుగుతోంది. గాబ్ అంటే నోరు, అక్కడివాళ్ల మోటు మాట. టీ తాగుతూ అనొచ్చు, క్లయింట్‌కు రాసే ఈమెయిల్‌లో వద్దు. ఈమెయిల్‌కు ‘దిస్ కేమ్ యాజ్ ఎ సర్‌ప్రైజ్’ చాలు.

స్నేహితుల మధ్య వాడే ‘నో వే!’, ‘యూ ఆర్ కిడింగ్!’, ‘గెట్ ఔట్!’, ‘షట్ అప్!’ వేరే కోవ. ఇవి మన ‘ఓర్నీ!’, ‘ఊరుకో!’, ‘పోవే!’ లాంటివి. "నాకు ఉద్యోగం వచ్చిందే" అంటే "పోవే, నిజం చెప్పు" అంటాం కదా, పొమ్మని కాదు. అమెరికాలో ఆడపిల్లలు ‘షట్ అప్!’ అని సాగదీసి అనేది అదే. మీకు ఎవరైనా అలా అంటే నొచ్చుకోకండి. మీరు మాత్రం బాగా చనువు ఏర్పడేదాకా అనకండి. గొంతు ఏమాత్రం తేడా వచ్చినా నిజంగానే నోర్మూసుకోమన్నట్టు అవుతుంది. ‘నో కిడింగ్’, ‘యూ డోన్ట్ సే’ అనేవి ఇంకా చిక్కు. చప్పటి గొంతుతో అంటే ‘ఆ మాత్రం మాకు తెలియదా’ అనే దెప్పుడు అయిపోతుంది. ‘యూ డోన్ట్ సే’ జోలికి అసలు వెళ్లకండి.

ఐఈఎల్‌టీఎస్ రాసేవాళ్లు కూడా ఇది చదువుతుంటారు కాబట్టి ఒక ముక్క. స్పీకింగ్‌లో మార్కులు నాలుగు అంశాల మీద వేస్తారు. అందులో పదజాలం ఒకటి, ఇడియమ్స్ అందులో ఒక భాగం. రెండు నిమిషాల్లో ఆరు ఇడియమ్స్ దించితే బట్టీ పట్టారని వెంటనే తెలిసిపోతుంది. ఒక్కటి సరైన చోట పడితే చాలు.

ఆ నలభై మాటల జాబితాను పక్కన పెట్టి కొత్త నోట్‌బుక్ తీయండి. పేజీకొక తెలుగు మాట రాయండి: ఉలిక్కిపడ్డాను, కంగుతిన్నాను, అవాక్కయ్యాను, ముగ్ధుణ్ణయ్యాను, కుదేలయ్యాను, నోరెళ్లబెట్టాను, ఊరుకో, అవునా. కాల్స్‌లో అవతలివాళ్లు ఏ మాట వాడినా, ఎవరితో, ఏ సందర్భంలో అన్నారో చూసి తగిన పేజీలో రాసుకోండి. ‘అయ్యో’ అలవాటుగా నోట్లోంచి వచ్చేస్తే సిగ్గుపడకండి. 2016లో అది ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీలోకే ఎక్కింది. అయితే అమెరికన్లకు అర్థం కాకపోవచ్చు, కాబట్టి వెంటనే ‘ఓ నో, ఐ యామ్ సో సారీ టు హియర్ దట్’ అని చేర్చండి.

ఈ వారం ఇడియమ్స్ ఏవీ వద్దు. తిప్పి అడిగే ప్రశ్న, ‘ఐ హాడ్ నో ఐడియా’, ‘ఐ డిడ్‌న్ట్ సీ దట్ కమింగ్’ ఈ మూడే వాడండి. శుక్రవారానికి మీరు ఎవరితో ఏ మాటకు ఏం బదులు చెప్పారో ఐదు వాక్యాలు రాసి పెట్టండి. వాటిని పట్టుకుని వచ్చే వారం ‘టేకెన్ అబ్యాక్’ మొదలుపెడదాం.